ముందు మీ మేడమ్‌ని కలువు

తల్లీ,

ఉద్యోగానికి సెలవు పెట్టి, ఆగిపోయిన థీసిస్ పూర్తి చెయ్యడానికి మద్రాసు వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో అంత టెన్షనూ పడ్డాను.

ఫైళ్లన్నీ ఇంకోచోట కూడా కాపీ చేసి పెట్టుకో. రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కో. ఫోన్ పక్కగదిలో పెట్టి కూర్చో. ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ గైడ్ మేడమ్‌తో మాట్లాడి ఎన్నాళ్లయింది? మీ అమ్మనడిగితే నీళ్లు నమిలింది. "ఒక చాప్టర్ రాశాక వెళ్తుందట" అంది. నా గుండె ఝల్లుమంది.

చేపాక్‌లో, మద్రాసు యూనివర్సిటీలో నాతో చదివిన స్నేహితురాలు ఒకామె ఉండేది. మా అందరికన్నా తెలివైనది. ఒకసారి చెప్పిన తేదీకి చాప్టర్ ఇవ్వలేకపోయింది. ఎలాగూ ఆలస్యమైంది కాబట్టి ఇంకా బాగా రాసి ఇవ్వాలనుకుంది. బాగా రాయాలంటే ఇంకా చదవాలి కదా, చదువుతూనే పోయింది. కొన్నాళ్లకు గైడ్ లైబ్రరీకి వచ్చే వేళలు కనిపెట్టి, ఆ వేళకు రావడం మానేసింది. కన్నెమరా లైబ్రరీలో పుస్తకం తెరిచి కూర్చునేది, పేజీ తిరిగేది కాదు. అడిగితే "వచ్చే వారం" అనేది. చివరికి గడువే దాటిపోయింది. తర్వాతెప్పుడో ఆయన నాతో "నోట్సైనా చూపించి ఉంటే ఏదో దారి చూసేవాణ్ణి కదమ్మా" అన్నారు. ఆమెది బద్ధకం అని ఎవరన్నా అంటే నాకిప్పటికీ కోపమొస్తుంది. ఆమెను ఆపేసింది సిగ్గు.

నువ్వు థీసిస్‌కి పట్టుకున్న బ్రౌన్ దొరనే చూడు. వేమన పద్యాలన్నీ దొరికాకే అచ్చేద్దామని కూర్చోలేదు. 1829లో 693 పద్యాలతో పుస్తకం తెచ్చాడు, ఇంకొన్ని చేర్చి 1839లో మళ్లీ అచ్చేశాడు. ఇంకా చూడాల్సిన ప్రతులున్నాయంటూ వచ్చీరాగానే ఓరియంటల్ రాతప్రతుల లైబ్రరీకి పరుగెత్తకు. అవెక్కడికీ పోవు.

మేడమ్‌కి ఒక్క పేజీ రాయి: ఇంతవరకు ఏం చేశావు, ఎక్కడ ఆగావు, ఏం తేలడం లేదు. క్షమాపణ ఒక్క వాక్యం చాలు. రాత మొదలుపెట్టేటప్పుడు ఉపోద్ఘాతం జోలికి పోకు, నీకు బాగా తెలిసిన చాప్టర్ తీసుకో. రోజూ రాత ఆపి బల్ల దగ్గర్నుంచి లేచే ముందు, రేపు రాయాల్సింది రెండు ముక్కలు రాసిపెట్టుకో.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకో, సెంట్రల్‌కి పెదనాన్న వస్తారు. మాంబళం ఇంట్లో వెనకగది నీకోసం ఖాళీ చేయించాను. మేడమ్‌కి ఆ పేజీ మెయిల్ మాత్రం రైలెక్కే ముందే పెట్టు. మేడమ్ దగ్గరికి ఒక్కదానివే వెళ్లడానికి భయమైతే నేనూ వస్తాను, బయట కూర్చుంటాను.

మీ పెద్దమ్మ