సింగపూర్ నుంచి న్యూయార్క్ ఎంత దూరం? ఆగకుండా వెళితే ఎన్ని గంటలు?

సింగపూర్‌లోని చాంగీ నుంచి న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయానికి నేరు దూరం సుమారు 15,300 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున భాగిస్తే 17 గంటలు వస్తుంది. కానీ టికెట్టు మీద ఉండేది దాదాపు 18 గంటల 40 నిమిషాలు.

ఈ తేడా ఎందుకంటే, ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది ఉత్తర ధ్రువాన్ని దాదాపు ఒరుసుకుంటూ పోతుంది. విమానం చాలాసార్లు ఆ దారి పట్టదు. చాలా ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే గాలుల తోడు కోసం పసిఫిక్ మీదుగా చుట్టు తిరుగుతుంది. తిరుగు ప్రయాణంలోనూ అదే లెక్కతో తరచూ యూరప్ వైపు నుంచి తూర్పుకే వస్తుంది. అంటే రానూపోనూ కలిపితే భూప్రదక్షిణే!

వేసవిలో రెండు నగరాలకూ 12 గంటల తేడా. అందుకని రాత్రి పదకొండున్నరకు ఎక్కితే మర్నాడు ఉదయం ఆరింటికే దిగుతారు. గడియారం నమ్ముతుంది, నడుము నమ్మదు.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఇందుకు వాడే ఎయిర్‌బస్ ఏ350 ప్రత్యేక రకంలో 161 సీట్లే ఉంటాయి, ఎకానమీ తరగతి లేదు. చౌకగా వెళ్లాలంటే మధ్యలో ఎక్కడో దిగి మారాల్సిందే.