వంట వాళ్లకు వచ్చు, కాటా నేర్పండి

ఊళ్లో కూలికి వెళ్లే ఒంటరి మహిళలు పదిహేను మందికి పచ్చళ్లు, పొడుల తయారీలో శిక్షణ ఇప్పించాలనుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. తెనాలి దగ్గర మా ఊళ్లో తొమ్మిది మందితో ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. మొదటి ఏడాది చేసినవి దాదాపు అన్నీ తప్పులే.

అందులో మొదటిది, వాళ్లకు ఆవకాయ నేర్పించాలనుకోవడం. పట్నం నుంచి ఒకావిడను పిలిపించి మూడు రోజులు చెప్పించాను. మాలో పెద్దావిడ ఓపికగా అంతా విని, "ముక్కకు టెంక ఉండాలని చెప్పలేదేమమ్మా?" అని అడిగింది. తరగతి అక్కడితో సరి. గిద్దె, సోల, గుప్పెడు, చిటికెడు అంటూ వేసినా ఎవరి రుచి వాళ్లకు తప్పదు. కాకపోతే తొమ్మిది చేతులకు తొమ్మిది రుచులు. కొన్నవాళ్లు మళ్లీ వస్తే మొన్నటి రుచే కావాలంటారు. అందుకని పెద్దావిడ తన లెక్కన ఉప్పు, కారం, ఆవపిండి తీసిపెడుతుంటే ఒక్కొక్కటీ కాటా మీద తూచి గ్రాముల్లో రాసుకున్నాం. నూనె మరకలతో ఆ కాగితం ఇప్పటికీ గోడకు ఉంది.

తర్వాత దెబ్బ తిన్నది ధర దగ్గర. పది కిలోల కందిపొడికి సరుకులు 2,100 రూపాయలయ్యాయి. 2,800కి అమ్మి, 700 లాభమని సంబరపడ్డాం. గ్యాసు, మర ఆడించిన డబ్బు, కవర్లు, లేబుళ్లు, బస్సు ఛార్జీ తీసేస్తే మిగిలింది 120. ముగ్గురి సగం రోజు కష్టం అందులోనే. "ఇంట్లో చేసే పనేగా" అన్నారు వాళ్లు. మిరపకోతకు వెళ్తే పది రూపాయలు తగ్గినా ఊరుకోని మనుషులే! ఆనాటి నుంచి లెక్కల పుస్తకంలో మొదట మనిషికి మిరపకోత కూలి వేసి, ఆ తర్వాతే సరుకులు రాస్తున్నాం.

లిజ్జత్ అప్పడాల గురించి మీరు వినే ఉంటారు. 1959లో ముంబైలో ఏడుగురు మహిళలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారని అందరూ చెబుతారు. నాకు అంతకంటే నచ్చింది వాళ్ల పని పద్ధతి. పిండి ఒకే చోట కలుపుతారు కాబట్టి రుచి మారదు. ఒత్తడం ఎవరి ఇంట్లో వాళ్లు చేస్తారు కాబట్టి పిల్లలను వదిలి రానక్కరలేదు. అప్పడాలు తూచి ఇవ్వగానే ఒత్తిన కూలి చేతికి వస్తుంది. మేము నెలాఖరున పంచుతామన్నప్పుడు ఇద్దరు మానేశారు. రోజు కూలి మీద బతికేవాళ్లు నెల ఎలా ఆగుతారన్నది నాకు తట్టనే లేదు. ఇప్పుడు శనివారం శనివారం ఇచ్చేస్తున్నాం.

గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో అప్పడాలు, పచ్చళ్లు, మసాలా పొడులకు పది రోజుల ఉచిత శిక్షణ ఉంది, భోజనం, వసతి కూడా వాళ్లవే. మావాళ్లలో ఇద్దరే వెళ్లగలిగారు. మిగతావాళ్లకు పది రోజుల కూలి ఎవరిస్తారు? మీ దగ్గర శిక్షణకు డబ్బుంటే కొంత ఆ కూలికి ఖర్చు పెట్టండి. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదుకు మాత్రం భయపడకండి. మేము తీసుకున్నప్పుడు చిన్న తయారీదారులకు ఏడాదికి 100 రూపాయలే. ఆ 14 అంకెల సంఖ్య లేబులు మీద లేకపోతే దుకాణాలవాళ్లు సరుకు ముట్టుకోరు.

ఇంకొకటి, ఎవరూ బయటికి చెప్పనిది. "ఎవరి చేతి పచ్చడి ఇది?" అని కులం ఆరా తీసినవాళ్లు మాకు ఎదురయ్యారు. ఒకాయన సీసా తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పెద్దావిడ ఏమీ అనలేదు, దాన్ని తుడిచి మళ్లీ అరలో పెట్టింది. వంటకు "ఆమోదం ఉన్నవాళ్లను" ముందు నిలబెట్టమని సలహాలిచ్చారు, మేము వినలేదు. మీకూ ఇస్తారు, ఇప్పుడే నిర్ణయించుకోండి.

ఆవకాయతో మాత్రం మొదలుపెట్టకండి. పెట్టుబడంతా వేసవిలో ఒక్కసారే పెట్టాలి, ముక్కకు తడి తగిలిందా, జాడీకి జాడీ బూజు. మేము ఒకసారి నలభై కిలోలు పారబోశాం. కందిపొడి, కరివేపాకు పొడి అయితే వారానికి సరిపడా చేసుకోవచ్చు, పాడైనా పోయేది కొంచెమే. పదిహేను మందీ ఒకేసారి వద్దు, అయిదుగురు చాలు. మిగతావాళ్లకు కూడా పని చూపించేంత అమ్మకం మాకు మూడో ఏడాదికి గానీ రాలేదు.