మెటీరియల్స్ మోడలింగ్ వైపు వెళ్తానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో ఏడాది. పరమాణువుల నుంచి మొత్తం లోహపు భాగం దాకా కంప్యూటర్‌లో లెక్కగట్టే రంగంలో పరిశోధన చేస్తానంటోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి అటు పంపవచ్చా? - ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. ముందు ఆ పనేమిటో చూద్దాం. ఒక మైక్రాన్ (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న రాగి ముక్కలోనే సుమారు 8,500 కోట్ల పరమాణువులుంటాయి. వాటి కదలికను ఫెమ్టోసెకను చొప్పున లెక్కిస్తూ పది లక్షల అడుగులు వేస్తే గడిచేది ఒక్క నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఇలా ఒక తీగ మొత్తాన్ని లెక్కించడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. అందుకే ఎలక్ట్రాన్ల లెక్కలో తేలినదాన్ని పరమాణువుల స్థాయికి, అక్కడ తేలిన గుణాలను ఇంజినీర్లు వాడే ఫైనైట్ ఎలిమెంట్ (భాగాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే పద్ధతి) స్థాయికి అందిస్తారు. రసాయన వ్యవస్థలకు ఇలాంటి బహుళస్థాయి నమూనాలు రూపొందించినవారికే 2013 కెమిస్ట్రీ నోబెల్ దక్కింది.

ఈ రంగంలోకి వచ్చే పిల్లలు చాలామంది అన్ని స్థాయిలూ ఒకేసారి నేర్చుకోబోయి ఏదీ పట్టుబడక నీరసపడతారు. మీ అమ్మాయికి ఫైనైట్ ఎలిమెంట్ పరిచయం ఉంటుంది కాబట్టి, దానికి తోడు మాలిక్యులర్ డైనమిక్స్, అంటే పైన చెప్పిన పరమాణువుల కదలిక లెక్క, ఒక్కటే పట్టుకోమనండి. దానికి వాడే లాంప్స్ (LAMMPS) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో ల్యాప్‌టాప్ చాలు. 4,000 రాగి పరమాణువులు పేర్చి, లాటిస్ కొలత (పరమాణువుల అమరికలో పదే పదే వచ్చే గడి పొడవు) 3.6 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర వస్తోందో లేదో చూసుకోవాలి; ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు. తర్వాత ఆ ముక్కను లాగాలి. బలం ల్యాబ్‌లో వచ్చేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. ఎందుకంటే తన ముక్కలో పరమాణువుల అమరికలో లోపాలు లేవు, పైగా లాగే వేగం ల్యాబ్ కన్నా వేల కోట్ల రెట్లు ఎక్కువ. ఇలాంటి తేడాలు ఎందుకో కూర్చుని ఆలోచించడం తనకు నచ్చితే నిశ్చింతగా పంపండి. తెర మీద రంగురంగుల బొమ్మలు మాత్రమే నచ్చితే తొందరపడొద్దు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. బీటెక్‌తోనే ఈ పనిలో ఉద్యోగాలు బాగా తక్కువ. ఎంటెక్, ఆపైన పీహెచ్‌డీ, అంటే కొన్నేళ్ల పాటు స్టైపెండ్‌తోనే సర్దుకోవాలి. ఇంటి పరిస్థితి అందుకు ఒప్పుకుంటుందో లేదో మీరే చూసుకోవాలి. ఐఐఎస్‌సీ, ఐఐటీ హైదరాబాద్ లాంటి చోట్ల ఎంటెక్‌కు గేట్ ముఖ్యం. హైదరాబాద్‌లోనే లోహాల పరిశోధనకు రక్షణ శాఖ ల్యాబ్ డీఎంఆర్‌ఎల్ ఉంది. ఒకవేళ మధ్యలో మనసు మారినా, నేర్చుకున్న పైథాన్, లినక్స్ ఎక్కడికీ పోవు.

క్యాంపస్ ఇంటర్వ్యూలు మాత్రం మానిపించకండి. వాటికీ వెళ్లనివ్వండి, గేట్ కూడా రాయనివ్వండి. ఈ సెలవుల్లో ఆ రాగి ముక్క పని పూర్తి చేశాక తననే నాకు రాయమనండి, గేట్‌లో ఏ పేపర్ తీసుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.