ముకురు స్కూల్‌కి వెళ్తున్న చిన్న సిస్టర్‌కి

తల్లీ,

నీకు కెన్యాలో నైరోబీకి ట్రాన్స్‌ఫర్ వచ్చిందని మదర్ చెప్పగానే చాలా సంతోషం వేసింది. అక్కడ ఎలా ఉండాలి అని అడిగావు కదా, ఏళ్ల తరబడి అక్కడే పనిచేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా.

మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకో. పొద్దున్నే అటెండెన్స్ అయిపోగానే వచ్చినవాళ్ల పేర్లు కాదు, రానివాళ్ల పేర్లు చూడు. ముకురు అంటే ఇండస్ట్రియల్ ఏరియా పక్కన రేకుల ఇళ్ల బస్తీ, నాన్నలు పొద్దున్నే ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కూలీకి నిలబడతారు, అమ్మలు సౌత్ బీ వైపు అపార్ట్‌మెంట్లలో బట్టలు ఉతకడానికి పోతారు, వాళ్లని అక్కడ మామా ఫువా అంటారు, పని దొరికితే ఆ రోజు పొయ్యి వెలుగుద్ది లేకపోతే లేదు. అలాంటి ఇంట్లో చంటోడికి జ్వరమొస్తే బడి మానేసేది పెద్దపిల్లే. మొదటి రోజు పక్కింటి పిల్లల్ని అడుగు, రెండో రోజూ రాకపోతే సాయంత్రం ఇంటికి వెళ్లు, ఒక్కదానివే కాదు, ఆ బస్తీలోనే పుట్టి పెరిగిన టీచర్‌ని వెంటబెట్టుకుని. వారం ఆగావంటే ఆ పిల్ల ఎవరింట్లోనో పనికి కుదిరిపోతుంది, ఇక తీసుకురావడం చాలా కష్టం.

ఏప్రిల్ వానలప్పుడు ఇంకా జాగ్రత్త. 2024లో వరదలొచ్చి, తర్వాత నది ఒడ్డున ఇళ్లు గవర్నమెంట్ కూల్చేస్తే బోలెడు కుటుంబాలు చెల్లాచెదురైపోయాయి. అందుకే అమ్మ నంబర్ ఒక్కటే కాదు, పిన్నిదో అమ్మమ్మదో ఇంకో నంబర్ కూడా రాసి పెట్టుకో.

ఫీజు కట్టలేదని మాత్రం ఏ పిల్లనీ ఇంటికి పంపకు. 2003 నుంచి అక్కడ గవర్నమెంట్ ప్రైమరీ స్కూళ్లలో ఫీజు లేదు, కానీ బస్తీల్లో సరిపడా గవర్నమెంట్ స్కూళ్లు ఎక్కడున్నాయి, అందుకే ఇంకా మనలాంటి చర్చి స్కూళ్ల మీద ఆధారపడతారు. మెర్సీ సిస్టర్స్ అనే కన్యాస్త్రీల సంఘం వాళ్లయితే 1985 నుంచే ముకురులో ఉన్నారు. అలాగని పూర్తిగా ఫ్రీ అనొద్దు, ఇది నా అభిప్రాయం, ఎంపెసాలో, అంటే అక్కడ ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతిలో, యాభై షిల్లింగులు పంపినా తీసుకో, అదీ లేకపోతే ఒక పూట వంటగదిలో బీన్స్ ఏరమను. అప్పుడు ఆ తల్లి ఇది మా బడి అనుకుని తలెత్తుకుని వచ్చి మా పిల్ల ఎలా చదువుతోంది అని అడుగుతుంది.

మధ్యాహ్నం గితేరీ పెడతారు, మొక్కజొన్న గింజలూ బీన్సూ కలిపి ఉడికిస్తారు. చాలామందికి ఆ రోజు మొత్తానికి అదే అన్నం. డోనర్ ఎవరైనా కంప్యూటర్ ల్యాబ్ కట్టిస్తామంటే దండం పెట్టి ముందు ఈ టర్మ్‌కి మొక్కజొన్నలు ఇప్పించండి అను. నాకు బాగా గుర్తున్న పిల్లాడొకడు సగం తిని మిగతా సగం ఖాళీ బ్లూ బ్యాండ్ మార్జరిన్ డబ్బాలో పెట్టి మూత నొక్కి బ్యాగ్ అడుగున పుస్తకాల కింద దాచేవాడు, ఇంట్లో చెల్లికి. అలాంటివాడు కనపడితే అందరి ముందు అడక్కు, వంటావిడకి చెప్పి ఇంకో గరిటె వేయించు.

ఆడపిల్లలకి స్కూల్లోనే ప్యాడ్లు ఇవ్వాలని 2017లో చట్టం చేశారు గానీ టైంకి వస్తాయని నమ్ముకోకు. నీ బీరువాలో ఎప్పుడూ కొన్ని ఉంచు, ఎందుకని అడక్కుండా ఇవ్వు. బెత్తం పట్టుకోవద్దు, 2001లోనే అక్కడ స్కూళ్లలో కొట్టడం నిషేధించారు, చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని.

ముస్లిం పిల్లలూ వస్తారు, పెంతెకొస్తు వాళ్లూ వస్తారు. చర్చిలో పూజకి వచ్చారా లేదా అన్నది చూసి అడ్మిషన్ ఇవ్వకు. చిరిగిన యూనిఫాంతో ఉన్న పిల్లని ఫోటో తీసి డోనర్లకి పంపమని ఎవరడిగినా ఒప్పుకోకు తల్లీ, ఆ ఫోటో రేపు ఆ పిల్ల కూడా చూస్తుంది.

ఇంకోటి, పరీక్షల పద్ధతి మారింది, ఎనిమిదో క్లాస్ చివర రాసే కేసీపీఈ 2023తో ఆగిపోయింది, ఇప్పుడు ప్రైమరీ ఆరేళ్లు, జూనియర్ మూడు, సీనియర్ మూడు. అమ్మానాన్నలు పాత పద్ధతిలో చదివినవాళ్లు, అర్థంకాక కంగారు పడతారు, ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పు.

జులైలో చలి బాగా ఉంటుంది, ఆఫ్రికా కదా ఎండే అనుకుని వెళ్లకు, రెండు స్వెటర్లు పెట్టుకో. వెళ్లగానే ఫోన్ చెయ్యి.

నీ పెద్ద సిస్టర్