ఫ్రైడ్ రైస్‌లో తప్పెవరిది?

(ముప్పై ఏళ్లు విశాఖ హోటళ్ల వంటశాలల్లో పనిచేసిన మాస్టర్ జవాబులు)

ప్రశ్న: మాది మద్దిలపాలెంలో చిన్న ఫాస్ట్‌ఫుడ్ బండి. మధ్యాహ్నం పన్నెండింటికి అన్నం వార్చి, వెదురు బుట్టలో పోసి, గుడ్డ కప్పి ఉంచుతాం. సాయంత్రం ఆరింటికి అమ్మకం మొదలు. మొన్న శనివారం ఫ్రైడ్ రైస్ తిన్న నలుగురు కుర్రాళ్లకు రెండు గంటల్లోనే వాంతులయ్యాయట. గుడ్లు తాజావి, చికెన్ ఆ పూట తెచ్చిందే. అన్నం వాసన రాలేదు. మంటా పెద్దదే. తప్పెక్కడ జరిగిందండీ? – ఒక సోదరి

జవాబు: గుడ్లనీ చికెన్‌నీ కాసేపు పక్కన పెట్టండమ్మా. నా అనుమానం ఆ బుట్ట మీద.

పొలం మట్టి నుంచి బియ్యంతో పాటు వచ్చే బాక్టీరియా ఒకటుంది, బాసిల్లస్ సీరియస్. (ఇది మన సీరియస్ కాదు, లాటిన్‌లో మైనం లాంటిదని అర్థం. చేసే పని మాత్రం మన సీరియస్సే.) అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. గింజల్లా ముడుచుకుని పడుంటాయి. వార్చిన అన్నం తడితడిగా, గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలకెత్తుతాయి. మీరేమో ఆరు గంటలు టైమిచ్చారు, అదీ మన సముద్రపు ఉక్కలో! అది వదిలే వాంతుల విషం 121 డిగ్రీల్లో గంటన్నర పెట్టినా చెక్కుచెదరదు. మూకుట్లో రెండు నిమిషాలు ఎగరేస్తే పోతుందా? వాసనా రాదు, రుచీ మారదు.

నేనూ ఓసారి ఇలాగే బోల్తా పడ్డాను. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో చేసే రోజుల్లో, రాత్రి మిగిలిన అన్నం డేగిసాతో సహా ఫ్రిజ్‌లోకి తోసేశాను. పొద్దున గరిటె గుచ్చితే మధ్యలోంచి ఆవిరి! చుట్టూ చల్లగానే ఉంది, నడుమ అన్నమే చల్లారలేదు. మొత్తం పారబోసి, యజమాని చేత నాలుగు మాటలు పడ్డాను.

అందుకే వెడల్పాటి స్టీలు ట్రేల్లో రెండంగుళాల మందాన పరవండి. 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలన్నది ఆహార భద్రత నిబంధన. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, కావలసినంతే బయటికి తీసుకోండి. ఫ్రిజ్ చిన్నదైతే నాలుగింటికి వండండి. ఒక గుచ్చే థర్మామీటరు కొనుక్కోండి. నా వేలి మీద నాకే నమ్మకం లేదు.

“మా అమ్మమ్మ చద్దన్నం తినే బతికింది కదా” అంటారేమో. చద్దన్నంలో నీళ్లూ మజ్జిగా పోస్తాం. అది పులిసి, ఆ పులుపు ఇలాంటివాటిని చాలావరకు అణిచి ఉంచుతుంది. బుట్టలో ఆరిన అన్నానికి ఆ కాపలా ఎక్కడిది?

ప్రశ్న: కానాగంతలు కరకరలాడేలా వేయించి పెట్టాం. తిన్న ముగ్గురికీ మొహం ఎర్రబడి దురదలొచ్చాయి. ఎలర్జీ అంటారా? – ఒక మెస్ యజమాని

జవాబు: ఒకరికైతే ఎలర్జీ అనుకోవచ్చు. ముగ్గురికీ ఒకేసారంటే చేప ఎండలో పడుందనే నా అనుమానం. ఐసు లేకపోతే కానాగంత, సూర లాంటి చేపల్లో బాక్టీరియా హిస్టమిన్ అనే, దురదలూ ఎర్రదనమూ తెచ్చే పదార్థాన్ని పుట్టిస్తుంది. ఎంత వేయించినా అది పోదు. కిలో చేపకు కిలో నలగ్గొట్టిన ఐసు వేయించుకోండి, హార్బర్ నుంచి మీ మెస్‌కు అరగంట దారే అయినా సరే.