ఫాక్లాండ్స్ రెఫరెండంలో 99.8 శాతం "అవును": నమ్మొచ్చా?

దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ కింద ఉన్న ఫాక్లాండ్స్ దీవులు మావేనని అర్జెంటీనా అంటుంది. బ్రిటన్ కిందే ఉంటారా అని అక్కడివాళ్లనే రెఫరెండం (ప్రజల ఓటు) పెట్టి అడిగితే దాదాపు అందరూ అవునన్నారు. అంత ఏకపక్షంగా వచ్చిన ఓటు నిజమేనా, దాంతో అర్జెంటీనా గొడవ తీరిపోయినట్టేనా అని అడిగారు. ఓటు నిజమే. గొడవ మాత్రం తీరలేదు.

నాకూ మొదట డౌటే. మన దగ్గర ఏ బూత్‌లోనైనా ఇలా పడితే రీపోలింగ్ అడుగుతాం. 2013 మార్చి 10, 11 తేదీల్లో అక్కడ 92 శాతం మంది ఓటేశారు. బ్రిటన్ కింద ఇప్పుడున్నట్టే ఉంటామని 1,513 మంది, వద్దని ముగ్గురు.

మరుసటి ఏడాది క్రూజ్ షిప్పులో, వంటింట్లో పని చేస్తూ ఆ రూట్లో వెళ్లాను. అర్జెంటీనాలోని ఉషుయాయా రేవులో మాల్వినాస్ మావే అని బోర్డు. వాళ్లు ఫాక్లాండ్స్‌ని పిలిచే పేరు అది. అక్కణ్ణుంచి ఫాక్లాండ్స్ రాజధాని స్టాన్లీ చేరాక ఓ నాలుగు గంటలు దిగనిచ్చారు. రంగురంగుల రేకుల కప్పులు, ఎక్కడ చూసినా ల్యాండ్‌రోవర్లు, చెవులు ఎగిరిపోయే గాలి. బీచ్ పక్కన కంచెకి పుర్రె బొమ్మ బోర్డు. ఈ దీవుల కోసం బ్రిటన్‌తో జరిగిన 1982 యుద్ధంలో అర్జెంటీనా సైన్యం పాతిన మందుపాతరలు అప్పటికింకా ఉన్నాయి (2020లో గానీ పూర్తిగా తీయలేదు). కంచె అవతల పెంగ్విన్లు హాయిగా తిరుగుతున్నాయి.

షాపులో ఒకావిడ మాటల్లో పడింది. ఆ యుద్ధంలో గూస్ గ్రీన్ అనే ఊళ్లో అర్జెంటీనా సైన్యం 114 మందిని దాదాపు నెల రోజులు ఊరి హాల్లో బంధించింది. వాళ్లలో ఆవిడ పిన్ని కూడా ఉందట. ఇక ఆవిడ ఓటు ఎటో అడగాలా? ఆ ముగ్గురెవరని అడిగితే మాత్రం నవ్వేసింది. అప్పట్లో మూడు వేల మంది కూడా లేని చోట అందరికీ ఎవరో ఒకరి మీద అనుమానమే.

అయితే ప్రశ్న అడిగిన తీరు కూడా చూడాలి. ఇప్పటి స్థితి కొనసాగాలా, వద్దా అన్నదే అడిగారు. స్వతంత్రం కావాలా అని ఆ కాగితం మీద లేదు.

అర్జెంటీనా వాదన అసలు ఓట్ల గురించి కాదు. 1833లో బ్రిటన్ మా నేల ఆక్రమించి తన వాళ్లను తెచ్చి పెట్టుకుంది, వాళ్లనే అడిగితే ఇంకేం చెప్తారు అంటుంది. 1965 ఐరాస తీర్మానం రెండు దేశాలనూ చర్చించుకోమంది. అందులో దీవులవాళ్ల "ప్రయోజనాలు" అని ఉంది, "కోరిక" అని లేదు. ఆ ఒక్క మాట అర్జెంటీనాకి పెద్ద ఆయుధం.

షిప్‌లో నా క్యాబిన్‌మేట్ అర్జెంటీనా కుర్రాడే. స్టాన్లీలో కొన్న ఫ్రిజ్ మాగ్నెట్ చూపిస్తే అటూ ఇటూ తిప్పి, పెంగ్విన్ బాగుంది, కింద పేరే తప్పు రాశారు అన్నాడు.