ట్రిప్పా, స్పానా? ముందు డబ్బు ఎక్కడిదో చెప్పండి

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 62,000 వస్తుంది. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 24,000. ఐదేళ్ల పాప. అద్దె, ఇంటి ఖర్చు, కారు ఈఎంఐ, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది, నెలకు 5,000 చీటీ... అన్నీ కలిపి 70,500 అవుతుంది. బ్యాంకులో 41,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ, ప్రస్తుతం మినిమమ్ డ్యూ (బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నాను. వచ్చే నెల మా పెళ్లిరోజు. పాపను అమ్మ దగ్గర ఉంచి ఇద్దరమే వెళ్దామని ఆశ. మున్నార్, అలెప్పీ ఐదు రాత్రుల ప్యాకేజీ 95,000, దానికి 18 నెలల ఈఎంఐ ఇస్తామన్నారు. సిటీ బయట రిసార్టులో రెండు రాత్రుల కపుల్ స్పా 48,000, అది కార్డు మీద తీసుకుంటే 45 రోజులు వడ్డీ ఉండదు. లేదంటే లక్ష రూపాయల చీటీ ఈ నెలే పాడుకోవచ్చు. కేరళ ప్యాకేజీకి 5,000 టోకెన్ కట్టాను. ఏది మేలు?

జవాబు: మీరు అడిగిన రెండింటికీ మీ దగ్గర డబ్బు లేదు. ఉన్నవి రెండు అప్పులు. వాటిలో ఏది ముద్దుగా ఉందో చెప్పమంటున్నారు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి కాబట్టే మీదాన్ని ఎంచుకున్నాను. అందరూ నెలకు ఎంత కట్టాలో చూస్తున్నారు తప్ప మొత్తం ఎంతవుతుందో చూడటం లేదు.

ముందు ఆ 45 రోజుల సంగతి. పాత బిల్లు పూర్తిగా కట్టినవాళ్లకే ఆ సౌకర్యం. బాకీ మోస్తున్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మినిమమ్ డ్యూ కట్టడం వల్ల ఆలస్య రుసుము తప్పుతుందంతే. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకున్నా మీ 38,000 మీద 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి నెలకు దాదాపు 1,570 ఊరికే పోతోంది. దాని మీద ఇంకో 48,000 ఎక్కిస్తారా?

ఈఎంఐ మాటకొస్తే, 95,000కు ఏడాదికి 18 శాతం వడ్డీ వేసుకుంటే నెలకు 6,060 చొప్పున సుమారు 1,09,100 కడతారు. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే ఇంకో 2,200 పైన. ఐదు రాత్రులకు ఏడాదిన్నర కిస్తీలు! వచ్చే పెళ్లిరోజు నాటికి కూడా ఈ పెళ్లిరోజు బాకీ తీరదు.

చీటీ పాడొద్దు. మొదటి నెలల్లో ఎంత కోత పడుతుందో మీకు తెలియంది కాదు.

ఇప్పుడు అసలు విషయం. మీ నెల ఖర్చు 70,500, బ్యాంకులో 41,000. జీతాలు ఆగితే ఇల్లు పదిహేడు రోజులు నడుస్తుంది. పద్దెనిమిదో రోజు ఎవరిని అడుగుతారు? వేసవి సెలవులకు జీతం ఇవ్వని ప్రైవేటు స్కూళ్లు చాలానే ఉన్నాయి, మీ ఆవిడ స్కూలు అందులో ఒకటేమో కనుక్కోండి. ఊళ్లో పెద్దవాళ్లు మీ మీదే ఆధారపడ్డారు. వాళ్లలో ఒకరు ఆసుపత్రిలో చేరితే అడ్మిషన్ అడ్వాన్సుకే ఉన్నదంతా పోతుంది. మీకు కావలసింది ఆరు నెలల ఖర్చు, అంటే 4,23,000. పెద్ద అంకెలా కనిపిస్తుందని చాలామంది మొదలే పెట్టరు. లక్షన్నరతో మొదలుపెట్టండి.

ఎలాగంటే, ఈ రోజే బ్యాంకులోంచి 26,000 తీసి కార్డుకు కట్టండి. సేవింగ్స్ ఖాతాలో మూడు శాతం కూడా రాని డబ్బుతో ఏడాదికి నలభై శాతం దాటిన కార్డు వడ్డీని తీర్చడమే లాభం. మిగతా 12,000, ఆ మధ్యలో పడిన వడ్డీ, ఈ నెల మిగులులోంచి. మీ లెక్క ప్రకారం నెలకు 15,500 మిగలాలి. అది నిజంగా మిగులుతుంటే కార్డు బాకీ ఎందుకు వచ్చిందో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. వచ్చే నెల నుంచి జీతం పడిన రోజే 12,500 స్వీప్ ఇన్ డిపాజిట్‌లోకో (అవసరమైతే ఖాతాలోకి తిరిగొచ్చే ఎఫ్‌డీ), లిక్విడ్ ఫండ్‌లోకో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) వెళ్లిపోవాలి. చీటీ చివరిదాకా ఉంచి, వచ్చిన డబ్బు కూడా ఈ పొదుపులోనే వేయండి. మిగిలిన 3,000 మీ ఇద్దరి సరదాకి, విడిగా ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్). ఏడాదికి 36,000 పైచిలుకు చేతిలో ఉంటుంది.

బీమా గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆఫీసు పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. సొంత ఆరోగ్య బీమా, మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) చూడండి. వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

డబ్బు చేరాక ఏది మేలంటే, నేనైతే స్పా వైపే. కొచ్చి విమానాశ్రయం నుంచి మున్నార్‌కు ఘాట్ రోడ్డులో నాలుగు గంటలు, అక్కడి నుంచి అలెప్పీకి ఇంకో ఐదు గంటలు. ఐదు రాత్రుల ట్రిప్పులో చాలా సమయం కారులోనే. వారం మధ్యలో వెళ్తే రిసార్టులు బేరానికి వస్తాయి. గది అద్దె రోజుకు 7,500 దాటకుండా చూసుకోండి, దాటితే జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి ఎగబాకుతుంది. స్పాను ప్యాకేజీలో కలపకుండా విడిగా ధర అడగండి. ఆయుర్వేద చికిత్స అని రాసి ఎక్కువ గుంజితే ఒప్పుకోవద్దు. నిజమైన చికిత్సకు వారం, రెండు వారాలు పడుతుంది. రెండు రోజుల్లో అయ్యేది మసాజే.

వచ్చే నెలకు మాత్రం అనంతగిరి కొండలు చాలు. వికారాబాద్ ఎంతో దూరం లేదు, పొద్దున వెళ్లి రాత్రికి రావొచ్చు, పాప ఎలాగూ నానమ్మ దగ్గర ఉంటుంది. మంచి భోజనంతో సహా నాలుగు వేలలో అయిపోతుంది, అది కూడా నగదుతో.

టోకెన్ వెనక్కివ్వమని ఈ రోజే మెయిల్ పెట్టండి. ఇవ్వకపోతే ఏడాది తర్వాతి తేదీకి మార్చమనండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ 5,000 వదిలేయండి. దాన్ని కాపాడుకోవడానికి ఇంకో 90,000 అప్పు చేయకండి.